దేవుడి ముందు చెప్పలేని ఖర్చు

ప్రేమలత బీరకాయ చెక్కు తీస్తుండగా మొగుడు రాఘవేందర్ రెండు బిర్యానీ పొట్లాలు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. ఓహో, అయితే నా జీతం పడిందన్నమాట, అనుకుంది ప్రేమలత. నెలకు ఆ ఒక్కరోజే అతనికి ఇంట్లోవాళ్ల ఆకలి గుర్తొస్తుంది. పదకొండేళ్లుగా తన జీతం సంగతి ఆమెకు తెలిసేది బిర్యానీ వాసన వల్లే. బ్యాంకు పంపే మెసేజ్ ఆమెకు రాదు. ఆమె ఖాతాకూ ఆమె ఆధార్‌కూ కలిపిన నంబరు సిమ్ము మొగుడి ఫోన్లో ఉంటుంది. ఏటీఎం కార్డు అతని పర్సులో, కారు ఆర్సీ పక్కన ఉంటుంది. మాట్లాడుకోవడానికి ఆమెకు వేరే చిన్న ఫోను, వేరే నంబరు ఉన్నాయి. దాంట్లోకి వచ్చేవి షిఫ్టు మారిందన్న కబుర్లు, అత్తగారి బీపీ మాత్రలు అయిపోయాయన్న కబుర్లు.

"నీకు డ్యూటీల ఫోన్ పట్టుకపోనియ్యరు గద. ఓటీపీలొస్తే ఎవరు చూస్తరు?" అన్నాడు అతను, ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే. అది నిజమే. శంషాబాద్ విమానాశ్రయం పక్కన విమానాల్లోకి భోజనాలు పంపే వంటశాల ఆమెది. తలకు టోపీ, మూతికి గుడ్డ, చేతులకు తొడుగులు, ఫోను లాకర్లో. ట్రేలో ఎంత అన్నం, ఎంత కూర, ఎక్కడ గిన్నె, ఎక్కడ చెంచా, అంతా చూసే లైన్ సూపర్‌వైజర్ ఇప్పుడామె. వెయ్యి ట్రేల మీద ఒక్క పెరుగు కప్పు తక్కువైనా ఆమె కన్ను పట్టేస్తుంది. ఇరవై నాలుగు వేల జీతం మాత్రం నెల నెలా ఎటు పోతుందో ఆమెకు తెలియదు.

తెలియకపోవడం కూడా కాదు. తెలిసినా అడగడానికి లేదు. "మొగోడు నలుగురిల తిరిగేటోడు, ఖాళీ జేబుతోని తిరుగుతడా?" అని అత్తగారు అమృతమ్మ ఎప్పుడో తీర్పు చెప్పేసింది. రాఘవేందర్ ప్లాట్లు అమ్మిపెడతాడు. షాద్‌నగర్ రోడ్డులో ఎక్కడో ఒక రాళ్ల బీడు చూపించి, ఎయిర్‌పోర్టుకు ఇరవై నిమిషాలు అని అందరికీ చెబుతుంటాడు. ఇరవై నిమిషాల్లో అక్కణ్ణుంచి ఎయిర్‌పోర్టుకు రాగలిగేది విమానం ఒక్కటే. ఏడాదికి ఒకటో రెండో ప్లాట్లు అమ్ముడైతే ఆ కమీషను కారు కిస్తీకే చాలదు. మిగతా ఇల్లంతా ట్రేల మీద నడుస్తోంది. ఆమె మాత్రం ఆటోకు యాభై రూపాయలు అడగాలి. "మొన్ననే ఇచ్చిన గద, ఏం చేసినవ్?" అంటాడు. ఏం చేసిందో చెప్పాలి. ముప్పై ఆటోకు, ఇరవై కూతురు మనీషా గ్రాఫు పుస్తకానికి. ప్యాడ్లకు అడగాల్సి వచ్చినప్పుడు కూతురిని పంపేది. కూతురికి పద్నాలుగు నిండాక ఇద్దరికీ కలిపి అడగడం తప్పలేదు. "నెలనెలా ఇదొకటి," అన్నాడొకసారి, ఇంటి కప్పు మీద పన్ను వేశారన్నంత చిరాకుగా. ఆ మాట ఆమె మర్చిపోలేదు. ఇలాంటివి మర్చిపోవాలని ఎంతమంది చెప్పినా మర్చిపోలేదు.

పోయిన ఏడాది లడ్డు సంగతి అసలే మర్చిపోలేదు.

కాలనీలో ఏటా గణపతిని నిలబెడతారు. నిమజ్జనం రోజు స్వామి చేతిలోని లడ్డు వేలం పాడతారు. బాలాపూర్‌లో లక్షల్లో పోతుందని విన్నప్పటినుంచి చుట్టుపక్కల కాలనీల్లో కూడా మగవాళ్లకు ఆ పిచ్చి పట్టుకుంది. పాడినవాడు అప్పటికప్పుడు డబ్బు కట్టక్కర్లేదు. మళ్లీ చవితి వచ్చేలోగా కట్టాలి. కట్టకపోతే కొత్త వేలానికి ముందు మైకులో పేరు చదువుతారు. ఆ రోజు తోటివాళ్లంతా సెలవు పెట్టడంతో ప్రేమలత రెండు షిఫ్టులు కలిపి చేసింది. ఇంటికి వచ్చేసరికి వీధిలో బ్యాండు. పక్క వెంచర్లో ప్లాట్లు అమ్మేవాడితో పోటీపడి రాఘవేందర్ రెండు లక్షల పదహారు వేలకు లడ్డు పాడాడు. మర్నాటికల్లా వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. అందులో రాఘవేందర్ ఉన్నాడు, అతని తమ్ముడు ఉన్నాడు, తమ్ముడి ఏడు నెలల కొడుకు కూడా నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఉన్నాడు. ప్రేమలత లేదు. మనీషా కూడా లేదు. బస్సు కోసం నిలబడ్డ చోటునుంచి ఆ ఫ్లెక్సీ బాగా కనిపించేది. వానలకు రంగు పోయేదాకా మూడు నెలలు రోజూ చూసింది.

లడ్డు ఏమైందంటే, అదో కథ. రైతులు పొలాల్లో చల్లుకుంటే పంట పండుతుందని వినికిడి కదా, రాఘవేందర్‌కు పొలం లేదు. అందుకని కారేసుకుని వెంచర్‌కు పోయి, అమ్ముడుపోని నలభై రెండు ప్లాట్ల హద్దురాళ్ల దగ్గర తలా ఇంత చిదిమి చల్లి వచ్చాడు. ఆ ఏడాది షాద్‌నగర్ రోడ్డు చీమలు తిన్న తిండి ఏ చీమలూ తిని ఉండవు. ప్లాటు ఒక్కటీ కదల్లేదు. ఇంట్లోకి వచ్చింది చింతగింజంత ముక్క. అప్పటికే ప్రేమలత కుడివైపు దవడపన్ను పుచ్చి, వేరుదాకా నొప్పి పాకింది. ఆ ముక్కను చప్పరించి మింగబోతే అమృతమ్మ చూసింది. "ప్రసాదం నమలకుండ మింగుతరా? పాపం తాకుతది," అంది. నమిలింది ప్రేమలత. కళ్లలో నీళ్లు తిరిగితే, భక్తి అనుకుని అత్తగారు సంతోషించింది. పన్నుకు ఎనిమిది వేలవుతుందన్నారు డాక్టరు. "ఇప్పుడు దేవుని పైసలు కట్టేదుండంగ పన్నేంది?" అన్నాడు రాఘవేందర్. ఆనాటినుంచి ఆమె ఎడమవైపే నములుతోంది.

ఇప్పుడు బిర్యానీ విప్పి కూర్చున్నాక అతను అసలు సంగతి తీశాడు.

"లతా, మీ ఆఫీసుల పీఎఫ్ నంబర్ ఉంటది చూడు, పన్నెండంకెలది. రేపు రాసుకరా."

"ఎందుకు?"

"ఎందుకేంది? నెలన్నరల చవితొచ్చె. లడ్డు పైసలు కట్టాలె గద. నెట్ సెంటరాయన చేసిపెడ్తనన్నడు. ఆధార్ ఓటీపీ ఎట్లాగు నాకే వస్తది."

ప్రేమలత చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "ఊకెనే ఇయ్యరు గద పీఎఫ్. ఏమని తీస్తరు?"

"అమ్మకు గుండె ఆపరేషన్ అని పెడ్తం. కాగితాలు గూడ అడుగుతలేరట. వచ్చినకాడికి తీస్తం."

అమృతమ్మ కోడికాలు ఎముక లోపలి మూలుగ పీల్చడం ఆపి, "రాయుండ్రి బిడ్డా, దేవుని పనికే గద. నా గుండెను దేవుడే కాపాడ్తడు," అంది. గుమ్మం దాటుతుండగా ఎవరైనా తుమ్మితే అయిదు నిమిషాలు కూర్చుని గానీ కదలని మనిషి. సందెవేళ ఇంట్లో చావుమాట ఎత్తితే మనవరాలి మూతి మీద కొట్టే మనిషి. తన గుండెకు లేని జబ్బు రాయడానికి అంత సులువుగా ఒప్పుకుంది. మనీషా ఒక్కతే "అబద్ధం గద డాడీ," అంది. "చదువుకునే పిల్లవు చదువుకో," అన్నాడు వాళ్ల నాన్న.

ఆ పీఎఫ్ ఏమిటో ఆ ఇంట్లో ప్రేమలతకు తప్ప ఎవరికీ తెలియదు. సున్నాకు దగ్గరగా ఉండే చల్లగదిలో ట్రేలు లెక్కపెట్టిన శీతాకాలాలు అందులో ఉన్నాయి. మనీషాకు నూటమూడు జ్వరమున్న రోజు సెలవు దొరక్క, మూతిగుడ్డ లోపల ఏడుస్తూ పెరుగు కప్పులు సర్దిన పూట ఉంది. పదకొండేళ్లలో అంతా కలిపి రెండు లక్షల నలభై వేలయిందని జీతం చీటీ చూసి చెప్పారు ఆఫీసువాళ్లు. ఆ డబ్బు ఇంకా మిగిలి ఉండడానికి కారణం ఒక్కటే, అది ఆమె చేతికి రాలేదు. చేతికి వస్తే అతని చేతికి పోయేది. తనకు ముసలితనం వస్తే, నడుము పడిపోతే, మనీషా ఇంటర్ అయ్యాక ఏదన్నా చదువుతానంటే, అని ఆమె దాని మీద ఎన్ని ఆలోచనలు కట్టుకుందో ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు ఆమె సంతకం లేకుండా, ఆమె ముఖం చూడకుండా, అతని ఫోన్లోకి వచ్చే ఆరంకెలతో అదంతా పోతుంది. కావలసింది ఆ పన్నెండంకెల నంబరు ఒక్కటే. ప్రేమలత భక్తురాలు, అబద్ధమెందుకు. ఏటా చవితికి తెల్లారుజామున లేచి కుడుములు చేసి పెట్టకుండా మంచినీళ్లు ముట్టదు. అందుకే ఆమెకు భయం కూడా వేసింది. దేవుడి బాకీ ఇంట్లో ఉంచుకుని నేను నా ముసలితనం గురించి ఆలోచిస్తున్నానా, ఇది పాపమా, అని రెండు రోజులు నలిగిపోయింది.

"ఆఫీసుల అడిగి తెస్తా," అని చెప్పి రోజులు నెట్టింది.

క్యాంటీన్‌లో శాంతకుమారి ఆమె ఎదురుగా కూర్చుని డబ్బా విప్పింది. క్వాలిటీ చెకింగ్‌లో పనిచేసే యాభై అయిదేళ్ల మనిషి, రాజమండ్రి వైపునుంచి వచ్చి ఇక్కడే స్థిరపడింది. పిండేసిన నిమ్మచెక్క కూడా పారేయదనీ, ఎండబెట్టి ఊరగాయలో వేస్తుందనీ అందరూ ఆటపట్టిస్తారు. ఇతరుల ఇంటి విషయాలు అడగకుండా ఉండలేదు.

"ఏంటమ్మా ప్రేమలతా, ఇంకా ఒక పక్కనే నములుతున్నావు? పన్ను చూపించుకోలేదా?"

"చూపించుకుంట మేడం. జర దేవుని పైసలు కట్టేదున్నది."

"దేవుడు నీకు బిల్లు పంపించాడా?"

ప్రేమలతకు నవ్వు రాలేదు. లడ్డు, ఫ్లెక్సీ, పీఎఫ్, అత్తగారి గుండె, అన్నీ చెప్పేసింది. ఎవరికైనా ఇదంతా వరసగా చెప్పడం అదే మొదటిసారి. శాంతకుమారి డబ్బా మూత పెట్టేసి విన్నది.

"నా సంగతి చెబుతాను విను," అందామె. "ఒకప్పుడు మా ఇంట్లోనూ జీతం ఎటు పోయేదో తెలిసేది కాదు. మా ఆయన చిట్టీలు, వాళ్ల చెల్లెలి సీమంతాలు. ఒక నెల పంతం పట్టి డబ్బంతా తెచ్చి దేవుడి పీట ముందు పెట్టాను. దీపం వెలిగించి, స్వామీ ఇది బియ్యానికి, ఇది పిల్ల చదువుకి, ఇది గుమ్మంలోకి ఆకలితో వచ్చేవాళ్లకి, ఇది నా మోకాళ్లకి అని నోరు తెరిచి చెప్పాను. అప్పటినుంచీ అంతే. దేవుడి ముందు పైకి చెప్పగలిగిన ఖర్చే చేస్తాను. చెప్పలేనిది చెయ్యను. నా బడ్జెట్టంతా ఇదేనమ్మా."

"అన్నీ చెప్పగలరా మీరు?"

"ఎక్కడ! ఒకసారి మా వదిన చీర కన్నా పెద్దంచు పట్టుచీర కొనాలనుకున్నాను. దండం పెట్టుకుని, స్వామీ ఇది మా వదిన కుళ్లుకోవడానికి అని చెప్పాలి కదా. నత్తి వచ్చింది. మానేశాను. మా వదిన బతికిపోయింది." శాంతకుమారి మళ్లీ మూత తీసి తినడం మొదలుపెట్టింది. "నువ్వూ చెప్పి చూడు, ఆ లడ్డు సంగతి. నోరు వస్తే కట్టెయ్."

ఖర్చు చెప్పుకోవడం ప్రేమలతకు కొత్తేం కాదు. పదిహేనేళ్లుగా చెప్పుకుంటూనే ఉంది, యాభైకి లెక్క, ఇరవైకి లెక్క. కాకపోతే ఇంతకాలం చెప్పింది మొగుడికి. వారం సెలవునాడు చిలుకూరు పోతానంది. గుడికంటే ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు. చిలుకూరు బాలాజీ గుళ్లో హుండీ లేదు. చిన్నప్పటినుంచి తెలిసిన సంగతే అయినా ఆరోజు ఆమె మనసులో అది కొత్తగా పడింది. పదకొండు ప్రదక్షిణలు చేసి ఒక పక్కగా నిలబడింది. చుట్టూ వీసాల కోసం, ఉద్యోగాల కోసం తిరుగుతున్న వాళ్లు నంబర్ల చీటీల మీద గీతలు కొట్టుకుంటున్నారు. చేతిలో రూపాయి లేకపోయినా ఉన్నట్టే అనుకుని, పెదవులు కదిలించి మొదలుపెట్టింది. స్వామీ, నా పీఎఫ్ మా అత్త గుండె ఆపరేషన్‌కు. రాలేదు. గుండె దగ్గరే ఆగిపోయింది మాట. స్వామీ, ఆ డబ్బు గణపతి లడ్డు బాకీకి. ఇది సగం వచ్చింది. గణపతికా, పక్క వెంచర్ వాడి మీద గెలవడానికా అని తనలోంచే ఎవరో అడిగారు. సిగ్గుపడి ఊరుకుంది. ఆ తర్వాత అనుకోకుండా ఒక మాట దానంతటదే బయటికి వచ్చింది. "స్వామీ, ఇది నా పన్నుకు."

అంతే, ఏడుపు ఆగలేదు. పన్ను గురించి ఏడవడమేమిటని సిగ్గేసింది కూడా. కానీ తన పన్ను నొప్పి గురించి ఆమె మాట పూర్తయ్యేదాకా విన్నవాళ్లు ఎవరూ లేరు. ఏడాది పైగా. నేను దేవుడికి బాకీ లేను, అనుకుంది ప్రేమలత. పైసా అడగకుండా ఈయన ఇక్కడ నిలబడి ఉంటే, దేవుడి పేరు చెప్పి నన్ను దోచుకున్నవాళ్లు వేరే. అప్పుడే ఆమెకు కోపం వచ్చింది. పదిహేనేళ్ల కోపం. మండపం మెట్ల మీద కూర్చుండిపోయింది.

మర్నాడు షిఫ్టుకు గంట ముందు బయల్దేరి ఆధార్ సెంటరుకు పోయింది. పాత నంబరుకు ఓటీపీ రాకుండానే, వేలిముద్ర పెడితే చాలు, కొత్త నంబరు కలుపుతారని శాంతకుమారి చెప్పింది. వేలిముద్ర అయితే మొగుడి ఫోన్లో లేదు కదా అనుకుంది. కానీ మిషను బొటనవేలిని గుర్తుపట్టలేదు. చూపుడువేలినీ గుర్తుపట్టలేదు. పదకొండేళ్ల చల్లనీళ్లు, చేతులు కడిగే మందులు ఆమె వేళ్ల మీది గీతల్ని అరగదీశాయి.

"ఏం పని చేస్తరు మేడం? వేళ్లన్ని అరిగిపోయినయ్," అన్నాడు మిషను ముందు కూర్చున్నతను.

తానెవరో నిరూపించుకోవడానికి తన చెయ్యే పనికిరాకపోతే ఎలా? అనుకుంది ప్రేమలత. తలలోని కొబ్బరినూనె వేళ్లకు రాసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టింది. ఎడమచేతి ఉంగరం వేలు పట్టింది. నాలుగు రోజులకు ఆమె చిన్న ఫోన్లోకి, నంబరు మారిందని మెసేజ్ వచ్చింది. ఆమె పేరు మీద ఆమెకు వచ్చిన మొదటి సర్కారు కబురు. లాకర్ల గదిలో నిలబడి రెండుసార్లు చదువుకుంది. ఆ వారంలోనే శంషాబాద్‌లో వేరే బ్యాంకులో ఖాతా తెరిచింది. ఇకనుంచి నా జీతం దీంట్లో వెయ్యండని ఆఫీసులో కాగితం రాసిచ్చింది. వాళ్లు ఎందుకని కూడా అడగలేదు. ఇంత చిన్న కాగితానికి పదకొండేళ్లు పట్టిందా అని ఆమెకు ఒళ్లు మండింది.

ఇంటికొచ్చి పీఎఫ్ నంబరు ఒక చీటీ మీద రాసి మొగుడి చేతికి ఇచ్చింది. అడిగింది అదే కదా. ఆ తర్వాత పది రోజులు రాఘవేందర్ నెట్ సెంటర్ చుట్టూ తిరిగాడు. ఓటీపీ వస్తలేదని సర్కారును తిట్టాడు, సర్వర్‌ను తిట్టాడు, సిమ్ము తీసి లాల్చీకి తుడిచి మళ్లీ పెట్టాడు. షిఫ్టు దిగి లాకరు తీస్తే ప్రేమలత ఫోన్లో ఒకరోజు తొమ్మిది ఓటీపీలు ఉన్నాయి. ఒక్కోదాన్నీ తెరిచి చూసి, బ్యాగులో పడేసుకుని బస్సెక్కింది.

నెల తిరిగింది. ఆరోజు బిర్యానీ రాలేదు. పొయ్యి దగ్గర రొట్టెలు కొడుతుంటే అతనే వంటింట్లోకి వచ్చాడు.

"మీ కంపెనీల జీతాలింక పడలేదా?"

"పడ్డయ్."

"నాకు మెసేజ్ రాలే."

"నాకొచ్చింది," అంది ప్రేమలత రొట్టె తిప్పేస్తూ.

అతనికి అర్థమయ్యేసరికి రొట్టె పొంగింది. అర్థమయ్యాక నోటికి ఎన్ని మాటలొచ్చాయో చెప్పను. గొంతు వీధిలోకి పోకుండా మాత్రం జాగ్రత్తపడ్డాడు, ఎందుకంటే అదే సమయానికి దశరథం గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాడు. గణపతి కమిటీ పెద్ద ఆయన. చంకలో నోటుబుక్కు పెట్టుకుని వచ్చాడు. కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగి, రాఘవేందర్‌ను వదిలేసి ప్రేమలతనే పిలిచాడు.

"బిడ్డా లతా, ఇగ పది దినాలల్ల చవితి. లడ్డు పైసలకు జామీను నీ పేరున్నది. ఎయిర్‌పోర్టు నౌకరి, నెలనెలా జీతం అని నీ పెనిమిటే రాయించిండు. ఎన్నడు కడ్తవో జర ఒక మాట చెప్పు."

ప్రేమలత చేతుల పిండి దులుపుకుని నోటుబుక్కు అందుకుంది. రాఘవేందర్ పేరు పెద్ద అక్షరాలతో ఉంది. దాని కింద అతని చేతిరాతలోనే, ప్రేమలత, ఎయిర్‌పోర్ట్. ఫ్లెక్సీలో చోటు దొరకని తను ఇక్కడ ఉంది. తన పేరు పక్కన సంతకం చెయ్యాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"నన్నెవరు అడగలేదు మామా. నేను ఒప్పుకోలేదు. చూడుండ్రి, నా సంతకం లేదు." నోటుబుక్కు దశరథం వైపు తిప్పి ఇచ్చింది. "గణపతికి నేను బాకీ లేను. ఏటేటా కుడుములు చేసి పెడ్తున్న, ఈసారి గూడ పెడ్త. లడ్డు పాడింది ఆయన. ఆయన్నే అడుగుండ్రి."

దశరథం ఆమెను చూశాడు. తర్వాత రాఘవేందర్ మెడలో వేలాడుతున్న లావుపాటి బంగారు గొలుసును కాస్త ఎక్కువసేపే చూశాడు. నోటుబుక్కు మూసి, భుజం మీద తువ్వాలు సర్దుకుని, "రేపు పొద్దుగాల మండపం కాడికి రా రాఘవేందర్, మాట్లాడుకుందం," అని లేచి వెళ్లిపోయాడు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి అమృతమ్మ మొదలుపెట్టింది. "దేవుని సొమ్ము ఎగ్గొట్టి, ఏ ముఖం పెట్టుకొని దీపం పెడ్తవే? రేపటిసంది నా దేవునర్రలకు అడుగు పెట్టకు. పీటలు ముట్టకు." ఆ మాట మాత్రం ప్రేమలతకు గుచ్చుకుంది. ఆ పీటలకు పదిహేనేళ్లుగా పసుపు రాసిన చేతులు ఆమెవి. తల్లి అరుపు తగ్గాక రాఘవేందర్ నిదానంగా, ఎంతో ఆలోచించి చెబుతున్నట్టు అడిగాడు.

"ఇంట్ల పైసలియ్యవు. మరి ఈ ఇంట్ల నీకేం పని?"

గుమ్మం దగ్గర మనీషా పుస్తకం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె కూడా విన్నది.   ఇన్నేళ్లూ ప్రేమలత తనకు తాను ఒక మాట చెప్పుకునేది. డబ్బు దగ్గర మనిషి అట్లాంటోడే గానీ, లోపల నా మీద, పిల్ల మీద మమకారం లేకపోలేదు అని. జ్వరం వచ్చినప్పుడు ఒకసారి దవాఖానకు తీసుకుపోయాడు కదా, కారు కొన్నరోజు ముందు సీట్లో కూర్చోబెట్టాడు కదా అని, వెతికి వెతికి ఏరుకున్న నాలుగు గింజలతో పదిహేనేళ్లు కడుపు నింపుకుంది. ఆ మనిషే ఇప్పుడు ఏ కోపమూ లేకుండా, ప్లాటు ధర అడిగినంత మామూలుగా అడిగాడు, నీకేం పని అని. పైసలు తీసేస్తే తనకు ఈ ఇంట్లో వేరే పని ఉందని అతనికి ఒక్క క్షణం కూడా అనిపించలేదు. తిట్టుంటే బాగుండేది. తిడితే మర్నాటికి పాతదయ్యేది. అన్నిటికంటే పెద్ద వింత ఏమిటంటే, ఆ మాట అనేసి అతను చేతులు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. ఆమె వడ్డించింది. రెండు రొట్టెలయ్యాక, ఇంకొంచెం కూర వెయ్యమని కంచం ముందుకు జరిపాడు. వేసింది.

మర్నాడు మధ్యాహ్నం షిఫ్టు. దారిలో ఏటీఎం దగ్గర దిగి, కొత్త కార్డుతో డబ్బు తీసుకుంది. ఇంట్లో దేవుడి గదిలోకి రానివ్వరు కనుక లాకరు తలుపు లోపలివైపు అరచేతంత బాలాజీ బొమ్మ అంటించింది. అరిగిన చెప్పులు, టోపీలు, చెమట వాసన మధ్య ఆ బొమ్మకు ఎదురుగా నిలబడితే తోటి ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు వింతగా చూశారు. శాంతకుమారి బూట్లు కట్టుకుంటూ తలెత్తకుండానే, "పైకి చెప్పమ్మా, లోపల గొణిగితే లెక్క కాదు," అంది.

ప్రేమలత కాగితం కవర్లు తీసింది. "స్వామీ, ఇది బియ్యానికి, పప్పుకు. ఇది మనీషా ఫీజుకు, పోయిన టర్ముది గూడ కలిపి. ఇది ఆకలైనోళ్లకు, ఎక్కువేం లేదు, అయిదు వందలే. ఇది నా పన్నుకు." నాలుగు కవర్లు వరసగా నిలబెట్టింది. చేతిలో ఇంకా కొన్ని నోట్లు మిగిలాయి. అవి మొగుడికి ఇద్దామని తీసినవి. రాత్రి పడుకునే ముందే అనుకుంది, ఎంతో కొంత అతని చేతిలో పెడితే గొడవ సద్దుమణుగుతుంది, అత్తగారు మళ్లీ దీపం పెట్టనిస్తుంది, పిల్ల ముందు ఇంకోసారి ఆ మాట అనకుండా ఉంటాడు అని. నోట్లు బొమ్మ ముందు పట్టుకుంది. స్వామీ, ఇది, అంది. ఆగింది. ఇది ఆ ఇంట్లో నన్ను ఉండనిచ్చినందుకు, అని చెప్పాలి. నోరు రాలేదు. గంట మోగింది, ఆడవాళ్లంతా టోపీలు సర్దుకుంటూ లోపలికి పోతున్నారు. నోట్లను ఒక ఖాళీ కవరులో పెట్టి, అంచు మడిచి, నాలుగింటి పక్కన నిలబెట్టి, అందరికీ వినబడేలా చెప్పింది.

"స్వామీ, ఇది ఒక్క రూము కిరాయికి. నాకు, నా బిడ్డకు."